ఒక్క గాజుకు మంజూరు

మా వదిన అనంతలక్ష్మి ముప్పై రెండేళ్ళు హైదరాబాదులో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. పక్షవాతం వచ్చి తగ్గాక మాట, నడక తిరిగొచ్చాయి గానీ డబ్బు వ్యవహారాలు చేతిలో నిలవలేదు. ఫోన్లో ఎవరో బ్యాంకు మేనేజర్నంటే రెండుసార్లు డబ్బు పంపేసింది. ఆవిడ తమ్ముడు, అంటే మా ఆయన మధుసూదన్, ఆ డబ్బు తాను చూసుకుంటానని కోర్టుకు వెళ్ళారు. తమ్ముడు దేశంలో లేడు కనుక పెన్షనూ డిపాజిట్లూ అక్కడి ప్రభుత్వ కార్యాలయమే చూసుకోవాలని కోర్టు తేల్చింది. వదిన మాత్రం దోహాలో, అల్ అజీజియాలో మా దగ్గరే ఉంటుంది. ఆవిడకయ్యే ఖర్చు ముందు మేం పెట్టుకుని బిల్లు పంపాలి. ఆ ఆఫీసులో గిరిగారు చూసి తిరిగివ్వాలి.

గిరిగారు చూడడమంటే మామూలు చూపు కాదు. బెండకాయల బిల్లు సగం అరబిక్‌లో ఉందని, అధికారికంగా అనువాదం చేయించి పంపమన్నారు. అనువాదానికి బెండకాయలకన్నా ఎక్కువైంది. ఆ రసీదూ పంపాం. ‘ఇది ఎవరి అవసరం?’ అని రాశారు. మామిడిపళ్ళ పెట్టెకు ‘ఆమె ఒక్కరే తిన్నారా?’ అని అడిగితే, ‘పదకొండు ఆవిడ, ఒకటి మా ఆయన, అడగకుండా’ అని ఉన్నదున్నట్టు రాశాను. పన్నెండో పండు డబ్బు కోసేశారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

గాజుల దగ్గర మాత్రం చిక్కు వచ్చి పడింది.

మా అమ్మాయి అమ్ముకు ఓణీల వేడుక పెట్టుకున్నాం. మా ఇళ్ళల్లో ఓణీ మేనమామ తెస్తాడు, బంగారు గాజులు మేనత్త తొడుగుతుంది. గిరిగారు గాజుల అంచనా కాగితం చూసి తిప్పి పంపారు. ‘ఆమె సొంత అవసరం కాదు. కుటుంబ ఖర్చు.’

“నేను కొనేస్తాలే అక్కా, నువ్వు తొడుగు,” అన్నారు మా ఆయన.

“నీ డబ్బుతో కొని నీ కూతురికి నేను తొడగడమేవిట్రా? నేనేమన్నా షాపులో సేల్స్‌గాళ్‌నా?”

“ఎవరికి తెలుస్తుందే?”

“నాకు తెలుస్తుంది. ఆ పూట నేను గదిలోనే ఉంటాను. అడిగితే జ్వరమని చెప్పండి.”

అలా అని గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం పెరుగన్నం ముట్టలేదు. ఫోన్ దొంగలు డబ్బు పట్టుకుపోయినప్పుడు కూడా అన్నం మానని మనిషి. పంతమైతే ఊరుకునేదాన్నే. ఇది పంతం కాదని నాకు అర్థమైంది.

శుక్రవారం మాకు సెలవు, వాళ్ళకు ఆఫీసు. మా ఆయన గిరిగారికి వీడియో కాల్ చేసి, ఫోను నీళ్ళ సీసాకు ఆనించారు.

“సార్, గిట్ల బంగారం రాస్తే ఆడిట్ల నన్ను పట్టుకుంటరు. మందులు రాయుండ్రి, డాక్టర్ ఫీజు రాయుండ్రి, ఎంబడే ఇస్త.”

వదిన ఫోను తనవైపు తిప్పుకుంది. “గిరిగారూ, నిద్రమాత్రలకిస్తారా?”

“ఇస్త మేడం. డాక్టర్ చీటీ ఉండాలె.”

“మేనత్తనై ఉండి ఒట్టి చేతులతో నిలబడితే నాకింక నిద్ర పట్టదు. చీటీ రాయిస్తాను. ఎంతవుతుందో మా మరదలు చెప్తుంది.”

నేను రాసిపెట్టుకునే ఉన్నాను. మాత్రలు, డాక్టరు ఫీజు, టాక్సీ, రసీదుల అనువాదం. పదేళ్ళకు వేస్తే గాజుల జతకన్నా కొంచెం ఎక్కువే వచ్చింది. మెల్లగా చదివి వినిపించాను.

గిరిగారు పెన్ను మూత తీశారు, పెట్టారు. “మీరేం చదివిన్రు మేడం?”

“బీకాం.”

“అనుకున్న.”

“మీకు అక్కలున్నారా?” అని అడిగింది వదిన.

“ఒక అక్క ఉన్నది మేడం. మా బిడ్డకు పట్టగొలుసులు పెట్టింది.”

“ఎవరి డబ్బుతో?”

గిరిగారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. పెద్దసారును అడిగి చెప్తానన్నారు.

బుధవారం మెయిల్ వచ్చింది. ‘మనశ్శాంతి నిమిత్తం, ప్రత్యేక సందర్భంగా భావించి, యాభై శాతం మంజూరు.’

“అంటే ఒక గాజు. రెండోది నేను...” అన్నారు మా ఆయన.

“నువ్వు ముట్టుకున్నావంటే చూడు!” వదిన లేచి కూర్చుని చెప్పులు వెతుక్కుంది. “పద, కొట్టుకు పోదాం.”

బంగారం కొట్లో గౌస్ మొహియుద్దీన్ అనే హైదరాబాదీ కుర్రాడు ఎంత చెప్పినా జత విడదీయనన్నాడు.

“ఒక్కటి ఎట్ల అమ్మీస్తం అమ్మా? పాప రెండో చెయ్యికి ఏమైంది?”

“చెయ్యి బాగానే ఉంది బాబూ. మంజూరు కాలేదు,” అన్నాను.

అతనికేం అర్థమైందో గానీ జాలిపడి, జతలో ఒకటి పోయి మిగిలిన గాజు లోపలినుంచి తెచ్చాడు.

వేడుక రోజు అమ్ము పీట మీద కూర్చుంది. వదిన కుడిచేతి వేళ్ళల్లో ఇంకా పట్టు లేదు. గాజు బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. సాయం చేద్దామని మా ఆయన చెయ్యి చాపారు. వదిన చూసిన చూపుకి వెనక్కి లాక్కున్నారు. హాలంతా ఎదురుచూసింది. ఫొటోగ్రాఫరు కెమెరా దించి మళ్ళీ ఎత్తాడు. అమ్ము అరచెయ్యి ముడిచి ఊపిరి బిగబట్టింది. గాజు ఎక్కింది.

భోజనాల దగ్గర వదిన కనిపించిన ప్రతి ఆవిడనూ ఆపి, “నా పెన్షన్ బంగారం,” అని అమ్ము చెయ్యి చూపించింది. ఒకావిడ అమ్ము రెండో చెయ్యి వైపు చూసి నోరు తెరవబోతే, ఆవిడ విస్తట్లో రెండు బూరెలు వడ్డించాను.