ఏడ్చే కారు

మా గుట్టను పగలగొట్టి కంకర అమ్ముకున్న కాంట్రాక్టరూ, ఆ కంకరే రోడ్డుకు వేశానని బిల్లెత్తుకుని ఎర్రమట్టి పోసింది నువ్వే. ఆ మట్టి మీద నీ లారీలే తోలి మోకాలిలోతు గుంతలు చేసిందీ నువ్వే. బావా బామ్మర్దులు ఒకరిని చూసి ఒకరు కుళ్లి చచ్చారంటే పాపం వాళ్లది కాదు, నీది. విను.

దమ్మపేట అవతల ఓ చిన్న పేట. అక్కడ అంతోనయ్యకు పాత తెల్ల మారుతి కారుంది. ఏ పెళ్లికూతురైనా చర్చికి ఆ కారులోనే పోవాలి. ఎవరో పెట్టిన చట్టం కాదు, కానీ అంతోనయ్యకు మాత్రం చట్టమే.

రేపు ఆరాధన పెళ్లి. పొద్దున్నే ఆమె తల్లి పుల్లమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“అన్నా, ఏమనుకోకు. నీ కారు ఏడుస్తున్నది. ఏడ్సే బండ్ల పిల్లనెట్ల ఎక్కియ్యాలె? బెంజమిన్ సుమో మాట్లాడుకుంటం.”

బెంజమిన్ అంతోనయ్య భార్య సంపూర్ణకు సొంత తమ్ముడు. నిరుడు కొత్త సుమో కొన్నాడు. దాని హారన్ వినబడితే చాలు, అంతోనయ్యకు గొంతులో ముద్ద దిగదు.

“ఎనక చక్రాల బేరింగులు అరిగినయ్, అంతే. పొద్దుమీకేలోపు మారుస్త పుల్లమ్మా. అప్పటికీ చప్పుడొస్తే మా బామ్మర్ది బండే పెట్టుకో.”

షెడ్డుకు పోలేదు. మెకానిక్ షుకూర్ బెంజమిన్‌కు దోస్తు. అక్కడ కూర్చుని సుమో పొగడ్తలు వినడం అంతోనయ్య వల్ల కాదు. బేరింగులు తెచ్చి ఇంటి దగ్గరే పని పెట్టుకున్నాడు. వాకిట్లో కారుకు జాకీ ఎత్తి, కింద రాళ్లు పేర్చి, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు ఊడదీశాడు. అరిగిన బేరింగులు కొట్టి బయటికి తీశాడు. డ్రమ్మును కట్టెల పొయ్యి మీద పెట్టాడు. కాలితే ఇనుము సాగి బేరింగు తేలిగ్గా దిగుతుంది. కొత్త బేరింగులు చల్లబడి ముడుచుకోవాలని సోడాకొట్టు నుంచి తెచ్చిన ఐసుగడ్డల్లో పాతాడు.

సంపూర్ణ గరిటె పట్టుకుని వచ్చింది. “ఇయ్యాల కూర ఇదేనా? ఉప్పెయ్యాల్నా? మా తమ్ముడైతే బండి షెడ్డుల ఇచ్చి సక్కగ చాయ్ తాగుతడు.”

“మీ తమ్ముని పేరెత్తకు. పొయ్యి ఆరిపోతది.”

ఎడమ చక్రం కుదిరింది. చేత్తో తిప్పితే కిక్కురుమనలేదు. ఇక కుడిది. బేరింగును బయటి రింగు మీదే కొట్టాలి. లోపలి రింగు మీద దెబ్బ పడిందా, గుండ్లు నొక్కుకుపోయి కొత్తది కూడా పాతదై కూర్చుంటుంది. ఆ సంగతి అంతోనయ్యకు బాగా తెలుసు. అంతలో హారన్ మోగింది. సుమో వచ్చి ఎదురుగా పుల్లమ్మ వాకిట్లో ఆగింది. ఆడపిల్లలు ఎగబడి దానికి రంగు కాగితాలు కడుతున్నారు. డ్రమ్ము ఇంకా సగమే కాలింది. ఆగలేకపోయాడు. కళ్లు సుమో మీద, సుత్తి బేరింగు మీద. దెబ్బ మీద దెబ్బ, అన్నీ లోపలి రింగు మీదే. వేలితో తిప్పి చూశాడు. గరగర.

బెంజమిన్ తీరిగ్గా నడిచొచ్చాడు. “బేరింగును కొట్టినవా బావా, నన్ను కొట్టినవా?”

“రెండూ.”

“రా, దమ్మపేట పోయి ఇంకోటి తెద్దాం.”

ఆ బండెక్కడం కంటే గోదాట్లో దూకడం నయమనిపించింది. కానీ పొద్దు వాలుతోంది. ఎక్కాడు.

ఊరు దాటగానే బెంజమిన్ టేపు గట్టిగా పెట్టాడు.

“చెవులు పోతున్నయ్, తగ్గించు.”

“దేవుని పాటలే గద బావా!”

అంతోనయ్యే చెయ్యి చాచి ఆపేశాడు. వెనక చక్రాల నుంచి సన్నగా, సాగదీస్తూ అదే ఏడుపు. తన కారు ఏడుపే. అంతోనయ్య గుండెలో క్రిస్మస్ వచ్చింది.

“కొత్త బండేందిరా గిట్ల ఏడుస్తున్నది?”

“మూడోసారి బావా. ఈ గుంతలకు షుకూర్ మార్చి మార్చి యాష్టకొచ్చిండు. పుల్లమ్మకు చెప్పకు, నీ కాల్మొక్త.”

చెప్పాలని నాలుక దురద పెట్టింది. అప్పుడే ఎదురుగా లారీ దూసుకొచ్చి సుమోను గుంతలోకి నెట్టేసి పోయింది. దాని నిండా కంకర. తమ గుట్ట కంకర. అంతోనయ్య మెడ తిప్పి చాలాసేపు దాన్నే చూశాడు. క్రిస్మస్ చల్లారింది.

“నిన్ను జూసి ఏడ్సుకుంట కూసున్న గదరా ఇన్నొద్దులు. ఆ లంగ కాంట్రాక్టరుగాణ్ని ఒక్క తిట్టు తిట్టలే.”

బేరింగు తేలేదు. అక్కడే బండి తిప్పించి నేరుగా పుల్లమ్మ ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. పుల్లమ్మ తల పట్టుకుంది. ఆరాధన లోపలి నుంచి వచ్చింది.

“రెండు బండ్లూ వద్దు మామా. నేను నడిసే పోత. మీ బండ్లు ఆ లారీలకు అడ్డం పెట్టుండ్రి.”

సంపూర్ణ షుకూర్‌ను కొత్త బేరింగుతో పిలిపించి ఆ రాత్రే కుడి చక్రం బిగింపించింది. తెల్లారి బ్యాండు మోగుతుండగా తెల్లచీరలో ఆరాధన మట్టిలో నడిచింది. వెనక రోడ్డు మీద బావా బామ్మర్దులు.

“నాదే ముందు పెట్టాలె. పెద్దోణ్ని.”

“నీది సిన్నది బావా, లారీ ఎక్కి దిగుతది!”

“ఎక్కనియ్. ముందు నాదే!”

మారుతి ముందు, సుమో వెనక. లారీల బారు ఆగింది. మొదటి లారీ డ్రైవరు కిందికి దిగాడు. అంతోనయ్య అతని దారికి అడ్డం నిలబడ్డాడు.

“నీ మీద నాకు కోపం లేదు తమ్మీ. మీ కాంట్రాక్టరు సేటుకు ఫోన్ కొట్టు. ఈ కంకర ఈడనే దించాలె. మట్టి తోడెయ్యాలె, కంకర పరిసి రోలర్ తొక్కాలె, పైన తారు పొయ్యాలె. అయ్యేదాక ఒక్క లారీ కదలదు. సూస్తవేంది? దించు!”