బాట ఇచ్చేవాడి అధ్యాయం

సముద్రం లేని దేశాలకు పొరుగు దేశాల మీదుగా ఉండవలసిన దారి హక్కు గురించి అంతర్జాతీయ రాజకీయాల్లో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాస్తున్న అఖిల, యాసంగి కోతల వేళ కాటారం దగ్గరి తన ఊరికి విచ్చేసింది. నేపాల్, లావోస్, మంగోలియాల కన్నీళ్లు అప్పటికే నాలుగు అధ్యాయాల నిండా తుడిచింది. ఐదో అధ్యాయాన్ని మాత్రం గైడు కీర్తన మేడం తిప్పి పంపారు.

"దారి అడిగేవాళ్ల గోడు నలభై పేజీలు రాశావు. ఇచ్చేవాడు ఎందుకిస్తాడు? అతను నీ వ్యాసంలో నోరే విప్పలేదు," అని గురువారం పొద్దున ఫోన్లో అన్నారు. "సోమవారంలోగా విప్పించు. లేకపోతే ఈ ఏడాది నేను సంతకం పెట్టను."

ఫోను పెట్టేసరికి వాకిట్లో ఒక ఉపఖండం అట్టుడుకుతోంది. బిక్షపతి పొలానికి మూడు దిక్కుల వాగూ అడవీ. నాలుగో దిక్కున అఖిల తండ్రి కాటమయ్య, ఆయన రెండెకరాల సామ్రాజ్యం. బిక్షపతి వరి పండి వాలిపోయింది. ఆలస్యంగా నాటిన కాటమయ్య వరి ఇంకా పచ్చిగానే ఉంది. కోత మిషన్ రోడ్డు మీద నిలబడి ఉంది.

"నా పొలంలకెళ్లి మిషన్ పోనియ్య. గంతే."

"గట్లంటే ఎట్లనే కాటమన్నా? మబ్బు పట్టింది. వాన కొడితే వడ్లు మొలకలొస్తయ్."

"మబ్బు నేను పట్టిచ్చిన్నా?"

అఖిల వాకిట్లోకి వచ్చి చూసింది. నలభై పేజీల్లో తాను దుమ్మెత్తి పోసిన, దారి ఇవ్వని తీరదేశం బనీను తొడుక్కొని, తన కన్నతండ్రి రూపంలో, వేపపుల్ల నములుతూ నిలబడి ఉంది.

"బాపూ, సముద్ర చట్టం నూట ఇరవై ఐదో అధికరణం ప్రకారం బాట ఇయ్యాలె," అంది.

"గా చట్టమోళ్లు వచ్చి నాటేసిన్రా?"

రెండేళ్ల చదువు అంతటితో నేలకొరిగింది. అఖిల నోటుపుస్తకం తెచ్చి గడప మీద కూర్చుంది. "సరే, ఎందుకియ్యవో చెప్పు. రాసుకుంట."

యాభై ఏళ్లలో ఆ ప్రశ్న కాటమయ్యను ఎవరూ అడగలేదు. ఆయన పుల్ల పారేసి, నోరు పుక్కిలించి, తువ్వాలు భుజాన సర్దుకున్నాడు.

"నిరుడు గీయన మిషన్ పోయి నా పొలం ఒడ్డు తెగింది. మళ్ల మన్ను పొయ్యలే. రాసినవా?"

"రాసిన."

"ఈసారి డ్రైవర్‌తోని మాట్లాడుకున్నడు, మిషన్ తెచ్చుకున్నడు, ఆఖరుకు నా తాన్కి వచ్చిండు. పొలం నాదా, డ్రైవర్‌దా? గది గూడ రాయి."

"నా మాట గూడ రాయి బిడ్డా!" అన్నాడు బిక్షపతి.

"నీ గురించి నలభై పేజీలున్నయ్ కాకా."

బిక్షపతి కాసేపు మిషన్ వైపు, మరి కాసేపు మబ్బు వైపు చూశాడు. "తప్పయింది అన్నా. ముందుగాల నిన్నే అడగాల్సింది. ఒడ్డు నేను పోస్త. మిషన్ పట్టేంత పట్టె నీ వరిల కోయించు. పచ్చిది నీ బర్లకెయ్యి, గా పట్టెల పోయే వడ్లు నా కుప్పలకెళ్లి తీస్కో. జర బాట ఇయ్యే."

"గిట్లడిగితే నేనెన్నడన్న వద్దన్ననా?" అన్నాడు కాటమయ్య, గాయపడిన చక్రవర్తిలా.

శుక్రవారం సాయంత్రానికి బిక్షపతి వడ్లు కుప్పకెక్కాయి. వాన శనివారం వచ్చింది. ఆ వానలోనే అఖిల అధ్యాయం రాసింది: 'పరిస్థితుల ఒత్తిడికి లోనై తీరదేశం తలవంచును.' కాటమయ్య చదివించుకొని విన్నాడు.

"ఒత్తిడేంది? ఎవలు తలవంచిన్రు? ఆయన అడిగిండు, నేనిచ్చిన."

"గంతే రాస్తే అధ్యాయం కాదు బాపూ."

"మరి నేను జేసింది గంతేనాయె."

అఖిల కోపంగా అధికరణాన్ని మళ్లీ తెరిచింది. దాని మూడో ఖండిక దారి ఇచ్చే దేశపు సంపూర్ణ సార్వభౌమత్వాన్ని గుర్తిస్తోంది. నాలుగు అధ్యాయాల పొడవునా ఆ ఖండికను ఆమె ముళ్లకంపలా పక్కనుంచి దాటిపోయింది. ఆదివారమంతా కూర్చొని, ఒత్తిడి గురించిన పదకొండు పేజీలు కొట్టేసి, ఆ ఖండిక దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసింది.

సోమవారం మేడం ఫోన్ చేశారు. "పేజీలు తగ్గాయి, మనిషి కనబడ్డాడు. సంతకం పెడుతున్నాను."

ఆ వార్త విన్న కాటమయ్య, సాయంత్రం చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చొని నేపాల్ సమస్యను పరిష్కరించాడు. పొలానికి నీళ్లు పెట్టే వేళైనందున మంగోలియాను మర్నాటికి వాయిదా వేశాడు.