షెర్నెట్ బొడ్డుమందారం

శుక్రవారం వచ్చిందంటే మా కొండ మీద కోడికంటే ముందు వాష్టీ గొంతు లేచేది. "ఒసే షెర్నెట్, పెండలాలు అడుగున పెట్టవే! పైన పెడితే తోటకూర నలిగి చస్తుంది!" అంటూ తట్టలు లారీకి ఎక్కించేది. పోర్ట్ ఆంటోనియో బజారులో ఆవిడ "లేత తోటకూరా..." అని ఒక్క కేక వేసిందంటే పక్కవాళ్ళు చెవులు మూసుకోవాల్సిందే. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆ నోరే ఆవిడ పెట్టుబడి.

కూతురు షెర్నెట్ వాగుడుకాయే, కానీ గొంతు పక్కనున్నవాళ్ళకి తప్ప వినపడేది కాదు. ఎవరేమిచ్చినా థ్యాంక్స్ చెప్పాలని తల్లి చెవి మెలిపెట్టి మరీ నేర్పింది. ఆదివారం సాయంత్రం ఆ పిల్ల తన ఎర్రమందారం పూలు కోసి, నలిపి, బడి బూట్లకు రుద్దుకునేది. బూట్లు నల్లగా నిగనిగలాడేవి.

తన మందారం అంటే తన బొడ్డుతాడు పాతిన చోట నాటింది. మా జమైకా కొండల్లో పుట్టిన ప్రతి బిడ్డకీ అలాంటి మొక్క ఒకటుంటుంది. మనిషి మాటలు వచ్చేది దాంట్లోంచే కాబట్టి మేకలు మేయకుండా చూసుకుంటాం, అంతే. ముసలాయన ఓజీది క్రోటన్ మొక్క, అది వేరుతో సహా ఎండిపోయినప్పుడు ఆయన మాటలు ఒక్కొక్కటే రాలిపోయి, ఆఖరి మాట పోయిన కాసేపటికే ఊపిరీ పోయింది.

ఆ ఏడు తుఫాను మామూలుగా రాలేదు. సముద్రపు ఉప్పుగాలి కొండెక్కి వచ్చి ఆకన్నదాన్నల్లా మాడ్చేసింది. వాష్టీ ఇంటి కప్పు మీది రేకు ఎగిరి, ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు, వెళ్ళి షెర్నెట్ మందారం మీదే పడింది.

మర్నాడు షెర్నెట్ పరిగెత్తుకొచ్చి, "అమ్మా, అది తాడు తెంపుకుంది" అంది.

"ఏదే?"

"అదే... గడ్డం ఉంటుందే, అది."

వాష్టీ చేతిలో చెంబు జారిపోయింది. మేకని మేక అనలేకపోతోంది పిల్ల.

ఆ రోజు నుంచి వాష్టీకి తిండి లేదు, నిద్ర లేదు. పచ్చిగా కనిపించిన కొమ్మలన్నీ కోసి, పాలడబ్బాల్లో ఇసుక పోసి గుచ్చింది. వాటిని నీడన పెట్టి, బిడ్డకి పట్టినట్టు నీళ్ళు పట్టింది. ఒక్కటీ వేరు పట్టలేదు. పైకి లాగి చూస్తే మొదలు నల్లగా కుళ్ళి ఉండేది. అక్కడ కొమ్మ ఎండితే ఇక్కడ మాట పోయేది. వాన పోయింది, ఆకలి పోయింది, ఆఖరికి తన పేరు కూడా పోయింది పిల్లకి. "నా కొంప నువ్వే ముంచావు కదే!" అని ఆ రేకుని పట్టుకుని కొట్టేది వాష్టీ, చెయ్యి చీరుకుపోయి రక్తం కారుతున్నా.

ఇక షెర్నెట్‌కి అమ్మ, థ్యాంక్స్ అనే రెండు మాటలే మిగిలాయి.

అప్పుడొచ్చాడు పొరుగింటి లేబర్ట్ తాత, తడిగుడ్డలో ఏదో చుట్టుకుని. "ఏడుపాపవే వాష్టీ. నీ కూతురు చంటిదిగా ఉన్నప్పుడు దాని మొక్క కొమ్మే ఒకటి పట్టుకెళ్ళి నా కంచెలో గుచ్చాను. కంచెని వాగు కొట్టుకుపోయింది గానీ ఇదొక్కటీ వేరుతో సహా దొరికింది. పట్టు."

వాష్టీ పెదాలు బిగబట్టి, చెయ్యి చాపి, మాట్లాడకుండా అందుకుంది. మొక్క ఇచ్చినవాళ్ళకి థ్యాంక్స్ చెబితే ఆ మొక్క బతకదని మా దగ్గర పాలుతాగే పిల్లకి కూడా తెలుసు.

గడపలో కూర్చున్న షెర్నెట్ ఆ పచ్చటి ఆకుల్ని చూసింది. మొహం విచ్చుకుంది. వద్దని తనకి తాను చెప్పుకోవడానికైనా లోపల మాటలుండాలి కదా!

"థ్యాంక్స్," అంది.

తల్లి చేతిలోనే ఆకులు వాలిపోయాయి. వాష్టీ చెయ్యెత్తింది. ఆ దెబ్బ పిల్ల మీద కాదు, తన నోటి మీదే పడింది. "నేనే నేర్పాను తాతా! నేర్పి నేర్పి నా బిడ్డని నేనే చంపుకున్నాను!"

పాత పొదలో ఇంకొక్క పుల్ల పచ్చగా ఉంది. అది వేరు పట్టేదాకా ఆగదు. వేరున్న మొక్క మీద అంటు కట్టాలి. అదీ పరాయి మొక్కయితే ఒప్పుకోదు. వంటపాక వెనక వాష్టీ బొడ్డుమందారం ఉంది, తెల్లపూలది. పాక చాటున తుఫానుకి తట్టుకుని నిలబడింది.

"ఒక్క కొమ్మ మీద కట్టు, చాలు," అన్నాడు తాత.

"నా మొక్కకి తల ఉంచితే రసమంతా నా కొమ్మలే లాక్కుంటాయి. తెలీదా నీకు?"

"తెలుసు గనకే చెబుతున్నా. శుక్రవారం బజార్లో ఏం చేస్తావే, చేతులూపుతావా?"

"ఊపుతా."

కత్తి తెచ్చింది. మొదటి వేటుకి కూరగాయల పేర్లు పోయాయి. తర్వాత చర్చి పాటలు పోయాయి. తిట్లున్న కొమ్మ బాగా లావు, అంత తొందరగా తెగలేదు. చివరి కొమ్మ ముందు ఆగి, "షెర్నెట్!" అని అవతలి కొండకి వినపడేలా అరిచి, దాన్నీ నరికేసింది. మొద్దుని చీల్చి, పచ్చిపుల్లని చీలలా చెక్కి అందులో దిగేసి, అరటినారతో బిగించి కట్టింది.

ఆ తర్వాత షెర్నెట్‌కి అమ్మ అనే మాట కూడా పోయి, థ్యాంక్స్ ఒక్కటే మిగిలింది. ఊపిరి ఉందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది వాష్టీ. దేవుణ్ణి పిలుద్దామన్నా నోట్లో మాట లేదు.

ఒక పొద్దున వాష్టీ అంటు దగ్గర కూర్చుని ఉంది. అరటినార పైన గోరంత ఎర్రచిగురు తొంగిచూసింది. అదే సమయానికి ఇంట్లోంచి కేక వినపడింది.

"ఒసే! పొయ్యి మీద సీమపనస మాడి చస్తోంది, ముక్కు మూసుకుపోయిందా నీకు?"

అచ్చం వాష్టీ గొంతే. పక్క పెరట్లో లేబర్ట్ తాత టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "ఓరి దేవుడో, మళ్ళీ మొదలైంది!" అని, అక్కడే కూలబడి ఏడ్చాడు. వాష్టీ చప్పుడు లేకుండా నవ్వుతూ లోపలికి పరిగెత్తింది.

ఇప్పుడు శుక్రవారం బజార్లో కేక వేసేది షెర్నెట్. పక్కవాళ్ళు మళ్ళీ చెవులు మూసుకుంటున్నారు. వాష్టీ పక్కన కూర్చుని తూకం వేస్తుంది. చెయ్యూపితే చాలు, కూతురికి అర్థమవుతుంది. వాష్టీ వేరు మీద ఇప్పుడు ఎర్రమందారాలే పూస్తున్నాయి.

షెర్నెట్‌కి మాటలన్నీ తిరిగొచ్చాయి, తల్లి తిట్లతో సహా. బజార్లో ప్రతివాడికీ థ్యాంక్స్ చెబుతుంది, ఒక్క తల్లికి తప్ప. ఆ మాట పళ్ళదాకా వస్తుంది, మింగేస్తుంది. ఆదివారం సాయంత్రం ఎర్రపూలు కోసి, నలిపి, ముందు తల్లి చెప్పులకి రుద్దుతుంది. తన బూట్లు ఆ తర్వాతే.