జైలు నడవా

ఆదివారం పూట పెళ్లాన్ని వెంటేసుకుని నలుగురిలో తిరగడం లారీ డ్రైవరుకి మహా సరదా. ఆ వారం మ్యూజియానికి తీసుకొచ్చాడు. ఒకప్పుడది జైలు. ఇప్పుడు గదుల నిండా ఆ ప్రాంతపు మగ్గాలు, డోళ్లు, మట్టిపాత్రలు, పెళ్లిబట్టలు.

టికెట్లు చింపే ముసలాయన అందరికీ చెప్పినట్టే వాళ్లకీ చెప్పాడు.

"చివరి నడవాలోకి మాత్రం పోకండి బాబూ. ఖైదీలని కొట్టిన దెబ్బలు అక్కడింకా పడుతూనే ఉంటాయి. వానాకాలం కాస్త ఎక్కువ."

డ్రైవరు భార్య బట్టలు కుడుతుంది. పెళ్లిబట్టల గదిలో ఓ అంచు కుట్టు చూస్తూ ఆగిపోయింది. అంత సన్నటి కుట్టు తన చేత్తో ఎన్నడూ పడలేదు. వాడు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి చెంప పగిలేలా ఒక్కటిచ్చాడు. తల బట్టల ముందున్న అద్దానికి కొట్టుకుని పెదవి చిట్లింది. జనం మొహాలు తిప్పుకున్నారు.

"ఇంటికి పద, నీ సంగతి చెప్తా" అన్నాడు జుట్టు దొరకబుచ్చుకుని.

కిందటి నెల అలా సంగతి చెప్పినప్పుడు ఆమెకి రెండు పక్కటెముకలు విరిగాయి. ఆమె ఒక్క గుంజు గుంజుకుంది. గుప్పెడు వెంట్రుకలు వాడి చేతిలోనే ఉండిపోయాయి. పరుగున వెళ్లి నడవాకి అడ్డంగా కట్టిన తాడు కింద దూరింది.

మొదటి దెబ్బ వీపు మీద దిగింది. బెత్తం కంటికి ఆనలేదు, గాల్లో ఈల మాత్రం వినబడింది. రెండోది పిక్కల మీద పడేసరికి మోకాళ్ల మీద కూలింది. రవిక చిరిగి నెత్తురు కారుతున్నా పాకుతూనే ఉంది.

డ్రైవరు ఆమెని పట్టుకోబోయి తాడు మీంచి చెయ్యి చాపాడు. వేళ్లు ఫటక్‌మన్నాయి. "అమ్మో!" అంటూ చతికిలబడ్డాడు.

"వెనక్కి రావే! చచ్చిపోతావ్!"

"ఇంటికొచ్చినా చస్తాను" అంది లోపల్నించి.

నడవా అవతల వెనకగేటు. అక్కడ కాపలా ఉండే ఆవిడ పరుగెత్తుకొచ్చి, ఆమెని లేవదీసి, నీళ్లు తాగించింది.

"అయ్యో తల్లీ, నడవాలోంచి వచ్చావా! ఇవన్నీ జైలు దెబ్బలేనా?"

ఇన్నేళ్లూ ఎవరడిగినా మెట్ల మీద జారిపడ్డానని చెప్పిన మనిషి.

"వీపు మీదవి జైలువి. పెదవి మీదది మా ఆయనది."

కాపలా ఆవిడ గేటుకి తాళం వేసింది. ఆటో పిలిచి ఆమెని ఎక్కించి, తనూ పక్కన కూర్చుంది. పెదవి తుడవబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండక్కా. పోలీసులకి చూపించాలి."