ఎర్ర గీత దాకా

పెరట్లో కుళాయి కింద కూర్చుని చెక్క మేకులు కడుగుతున్నాను. పొద్దుటి ప్రాక్టీసు అయ్యాక మా ఆయన వాటిని గోనెసంచిలో తెచ్చి తొట్టి పక్కన కుమ్మరిస్తాడు. పీచుతో రుద్ది మన్ను వదిలించాలి. చీలినవి పొయ్యిలోకి, బాగున్నవి మళ్ళీ నీళ్ళలోకి. ఎండిన చెక్కయితే బల్లెం తగలగానే పగిలిపోతుంది. నానిన చెక్క మొనను పట్టుకుని బల్లెంతోపాటు పైకి లేస్తుంది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు," అంది గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న పెద్దత్తయ్య. "మనింట్లో అయితే పాతనేల, పీకనేల, మళ్ళీ కడగనేల. మా తాత నాటి నుంచీ ఇదే తంతు."

పెద్దత్తయ్య మామయ్యకు అక్క. భర్త పోయాక ఇక్కడే ఉంటోంది. ఊరంతా గురి మాస్టారు అని పిలిచే మా మామయ్యను "ఒరేయ్" అనగలిగేది ఆవిడొక్కతే.

పెళ్ళయ్యేదాకా నాకు ఈ ఆట సంగతే తెలియదు. మాది గుర్రాలు లేని పల్లె. కొత్తలో మామయ్యే కూర్చోబెట్టి చెప్పారు. ఒకప్పుడు ఈ సరిహద్దు వాగుకు ఇటూ అటూ సైన్యాలు దిగి ఉండేవట. తెల్లవారకముందే రౌతులు అవతలి దండు మీద పడి, గుర్రాలు దౌడు తీస్తుండగానే బల్లేలతో డేరా మేకులు పెకలించేవారట. డేరాలు కూలి, నిద్రలో ఉన్నవాళ్ళు ఆ గుడ్డల్లోనే చిక్కుకుపోయేవారట.

"అప్పుడు చంపడానికి నేర్చుకున్నారమ్మా. ఇప్పుడు చప్పట్లకి," అన్నారు మామయ్య.

ఇప్పుడు డేరాలు లేవు. మైదానంలో ఒట్టి మేకు ఒకటి పాతుతారు. రౌతు దూరం నుంచి గుర్రాన్ని దౌడు తీయిస్తూ వచ్చి, పక్కకు వంగి, దాన్ని బల్లెంతో గుచ్చి లేపుకుపోవాలి. జట్టుకు నలుగురు. అందరిలోకీ నమ్మకమైనవాణ్ణి చివర పంపుతారు. దాన్ని నాలుగో బల్లెం అంటారు. మా ఊరి జట్టుకు నాలుగో బల్లెం ఎప్పుడూ మామయ్యదే.

మేకు నడుమున ఎర్ర రంగు గీత ఉంటుంది. ఆ గీత దాకా నేలలో దిగగొట్టాలి. అంత లోతున దిగిన మేకును గుచ్చినప్పుడు చెయ్యి బిగబట్టకూడదు. భుజం వదిలెయ్యాలి. చెయ్యి వెనక్కి పోతుంది, గుర్రం ముందుకు లాక్కుపోతుంది, మేకు ఊడి వస్తుంది. మామయ్య కుర్రాళ్ళకు నేర్పుతుంటే "వదిలెయ్, వదిలెయ్రా" అన్న కేక మా వంటింట్లోకి కూడా వినిపించేది.

ఆ రోజు నా చేతిలో ఉన్న మేకు మీద మన్ను గీత దాకా లేదు. గీతకూ మన్నుకూ మధ్య నా నాలుగు వేళ్ళూ పట్టాయి. ఇంకొకటి తీశాను. అదీ అంతే. కొన్నింటి మీద మాత్రం మన్ను గీతను దాటి ఉంది. అవి మిగతా రౌతులవి. మామయ్య మేకులకు గుర్తుగా తల మీద ఒక గాటు ఉంటుంది. గాటున్న ప్రతి మేకూ పొట్టిగానే దిగింది.

మా ఆయన కొట్టంలో ఉన్నాడు. గుర్రాల బడిలో నాడాలు కొట్టడం అతని పని. జట్టుకు మేకులు పాతేదీ, ఎవరైనా రాకపోతే బల్లెం పట్టేదీ అతనే. బూడిద గిట్టను మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఆకురాయితో అరగదీస్తున్నాడు. బూడిద అంటే మామయ్య ఎక్కే ఆడగుర్రం. రంగును బట్టి ఆ పేరు.

"మామయ్య మేకుల మీద మన్ను గీత దాకా లేదేం?" అన్నాను.

ఆకురాయి ఆగింది. "కడగమన్నాను గానీ కొలతలు తియ్యమన్నానా?"

"కొలవలేదు. కనిపించింది."

"అయితే కళ్ళు మూసుకుని కడుగు."

నవ్విద్దామని అన్నాడు. నేను నవ్వలేదు. అతను గిట్టను కిందికి దించి, గుర్రం మెడ నిమిరాడు.

"అమ్మ పోయాక నాన్న ఎలా ఉన్నాడో చూశావుగా," అన్నాడు.

చూశాను. అత్తయ్య పోయాక మామయ్య కంచం ముందు కూర్చునేవారు, మెతుకులు కెలికేవారు, లేచిపోయేవారు. పలకరిస్తే ఊఁ అనేవారు. గుర్రం మీద కూడా అంతే, మనిషి అక్కడున్నట్టే ఉండేవారు కాదు. వారాల తరబడి బల్లెం ఒట్టిదే తిరిగి వచ్చేది. అలాంటిది ఒక రోజు మేకు గుచ్చుకొచ్చారు. ఆ రోజు రెండోసారి అన్నం అడిగారు. పెద్దత్తయ్య వంటింట్లోకి వచ్చి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు, విన్నావా అమ్మాయ్," అని నవ్వింది.

"ఆ రోజు కింద రాయి అడ్డుపడి మేకు సగమే దిగింది," అన్నాడు మా ఆయన. "తీసి ఇంకోచోట పాతేలోపే నాన్న దౌడు తీసుకుంటూ వచ్చేశాడు. అలా వచ్చిందది. ఆ రాత్రి ఆయన తింటుంటే చూసి అనుకున్నాను, రాయి చేసిన పని నేను చేస్తే ఏం పోతుందని."

"మరి పోటీలో?"

పోటీ ఏడాదికోసారి, వాగు అవతలి జట్టుతో. అక్కడ మన మేకులు వాళ్ళు పాతాలి, వాళ్ళవి మనం పాతాలి. రెండు ఊళ్ళ మధ్య పగలున్న కాలంలో ఒకరినొకరు నమ్మక పెట్టుకున్న కట్టడి అది. పగలు పోయినా కట్టడి పోలేదు.

"పోటీలో తప్పుతుంది," అన్నాడు. "తప్పనీ. ఆ వయసులో తప్పడం వింతా? బల్లెం మేకు పక్కనించి పోతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఇంటికొచ్చి నాలుగు రోజులు అలుగుతాడు. తర్వాత మళ్ళీ నా మేకులు ఉండనే ఉన్నాయి."

"చెప్పెయ్యకూడదూ?"

"నువ్వు చెబుతావా?"

నేను చెప్పలేనని అతనికి తెలుసు.

పోటీ దగ్గర పడుతుండగా జట్టు కెప్టెన్‌గారు మా ఇంటికి వచ్చారు. ఆయనా ఒకప్పుడు మామయ్య దగ్గర నేర్చుకున్నవారే. కుర్చీ అంచున కూర్చుని, టీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ, "మాస్టారూ, నాలుగో బల్లెం ఈసారి మీ అబ్బాయికి ఇద్దామా? మీరు పక్కనుండి చూసుకుందురు," అన్నారు.

"ఎందుకూ? నా చేతికేం వచ్చింది?"

"చేతికని కాదు, వయసు..."

"రేపొచ్చి చూడు. మేకు రాకపోతే నా చోటు నేనే ఖాళీ చేస్తాను. నువ్వు చెప్పేదాకా ఉండను."

కెప్టెన్‌గారు వచ్చి చూశారు. మామయ్య వరసగా గుచ్చుకొచ్చారు. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన ముఖం చూడాలి. చొక్కా చెయ్యి పైకి లాగి పెద్దత్తయ్యకు కండ చూపించారు.

"చూడక్కా. ముసలితనంలో బలం పెరుగుతోంది. మేకు వెన్నలోంచి వచ్చినట్టు వస్తోంది."

"వెన్న చూసి ఎన్నాళ్ళయింది రా నీకు, పోలికలు మాత్రం లోటు లేదు. ముందు ఆ చొక్కా దించు, కోడలుంది."

మామయ్య గట్టిగా నవ్వారు. అత్తయ్య పోయాక ఆ ఇంట్లో అంత నవ్వు నేను వినలేదు. మా ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

పోటీ రోజున వాగు ఒడ్డు మైదానంలో తాళ్ళు కట్టారు. వంతెన మీదుగా అవతలివాళ్ళు గుర్రాలను నడిపించుకుంటూ వచ్చారు. మన మేకులు పాతడానికి వచ్చినవాడు మామయ్య ఈడువాడే. తొందరేమీ లేదు. చెక్క సుత్తితో కొట్టేవాడు, వంగి చూసేవాడు, మళ్ళీ కొట్టేవాడు. ఎర్ర గీత నేలను ముట్టాక చుట్టూ మన్ను మడమతో అదిమి, తర్వాతి దాని దగ్గరికి పోయేవాడు. నా పక్కన నిలబడ్డ మా ఆయన పెదాలు తడుపుకుంటున్నాడు.

మూడో రౌతు వెళ్ళేటప్పటికి మా ఆయన తాడు కింది నుంచి దూరి మామయ్య దగ్గరికి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్ళాను. మామయ్య జీను పట్టా బిగిస్తున్నారు.

"నాన్నా, ఈసారి భుజం వదిలెయ్. మర్చిపోకు, భుజం వదిలెయ్."

మామయ్య చిత్రంగా చూశారు. "ఒరేయ్, నాకు నేర్పుతున్నావా?"

"అది కాదు. నేల గట్టిగా ఉంది."

"నేల గట్టిగానే ఉంటుందిరా. మెత్తగా ఉండటానికి అదేమన్నా పరుపా?" అని, కొడుకు చెంప మీద చేతితొడుగుతో చిన్నగా తట్టి గుర్రం ఎక్కారు.

ఇంకొక్క మాట చెబితే సరిపోయేది. మా ఆయన నోరు తెరిచాడు కూడా. అప్పటికే జెండా ఊపేశారు.

బూడిద పరుగు నాకు అలవాటే. మామయ్య వంగడం, మొన నేలకు దిగడం, అన్నీ రోజూ దూరం నుంచి చూసేవే. తప్పుతుందనుకున్నాం. తప్పాలనే కోరుకున్నాం. మొన నేరుగా వెళ్ళి మేకులో దిగబడింది. అంత శుభ్రంగా కొట్టడం ఆ రోజు ఎవరి చేతా కాలేదని తర్వాత అందరూ అన్నారు. లోతు లేని మేకులకు ఏడాదిగా చేస్తున్నట్టే ఆయన మణికట్టు వెంటనే పైకి లేచింది. భుజం బిగిసే ఉంది. మేకు కదల్లేదు. గుర్రం ఆగలేదు.

ఆయన పడ్డ చప్పుడు మాకు వినపడలేదు. జీను ఖాళీగా, రికాబులు ఊగుతూ బూడిద తాళ్ళ చివరిదాకా వెళ్ళింది, నిలబడింది, వెనక్కి తిరిగి చూసింది.

ప్రాణానికి ఏమీ కాలేదు. కుడి భుజం కీలు మాత్రం లోపల చితికిపోయిందని, ఆ చెయ్యి ఇక నడుము పైకి లేవదని డాక్టరు చెప్పాడు. మామయ్య విని, "సరే," అన్నారు.

ఇంటికి వచ్చాక కెప్టెన్‌గారు ఆ మేకును పంపించారు. గుర్తుగా ఉంచుకోమన్నారు. అవతలి ముసలాయన చేతులతో పీకలేక, చుట్టూ తవ్వి తీశాడట. దాన్ని తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళబోయాను.

"కడక్కమ్మా. ఇలా తే," అన్నారు మామయ్య.

ఎడమ చేత్తో తిప్పి చూశారు. మన్ను ఎండి ఎర్ర గీత దాకా పట్టి ఉంది. ఆ గీతను బొటనవేలితో తడిమారు. తర్వాత లేచి పెరట్లోకి వచ్చారు. పోటీ ముందు రోజు ప్రాక్టీసు మేకులు సంచిలో అలాగే పడి ఉన్నాయి. ఆసుపత్రి హడావుడిలో నేను వాటిని ముట్టనే లేదు. ఆయన సంచిలో చెయ్యి పెట్టి వెతికి, గాటున్నది ఒకటి తీసి, రెండింటినీ తొట్టి గట్టు మీద పక్కపక్కన పెట్టారు.

"అమ్మాయ్, మీ ఆయన్ని పిలువు."

మా ఆయన వచ్చి గట్టు వైపు చూశాడు. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

"ఎప్పటినుంచి?" అన్నారు మామయ్య.

"అమ్మ పోయిన కొన్నాళ్ళకి."

"అన్నీనా?"

"అన్నీ."

పెద్దత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నువ్వు తినేవాడివి కాదు నాన్నా," అన్నాడు మా ఆయన. "మేకు వచ్చిన రోజునే తినేవాడివి. నేనేం చెయ్యను? తప్పుతావనుకున్నాను. గుచ్చుతావని అనుకోలేదు."

ఆ ఆఖరి మాటకు మామయ్య ముఖం మారింది. అంతవరకూ అందులో కోపం లేదు. అప్పుడూ కోపం కాదు.

"బలం పెరిగిందనుకున్నానురా," అన్నారు. "కండ తీసి చూపించుకున్నాను. నువ్వు అక్కడే కూర్చుని అన్నం తింటున్నావు."

మా ఆయన కింద కూర్చుండిపోయాడు.

"చెయ్యి పోతే పోయింది. ఏడాదంతా నాకు నిజమైన మేకు పాతింది వాగు అవతలివాడొక్కడే. ఇంట్లోవాడు పాతలేదు."

కొడుకుతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. ఇల్లు మాత్రం అలాగే నడిచింది. మామయ్య వేళకు కూర్చునేవారు, ఎడమ చేత్తో కలుపుకుని, పెట్టింది తినేవారు, వద్దనకుండా, అడగకుండా. చూస్తే తినకుండా లేచిపోయిన రోజులే నయమనిపించేది. "ఒరేయ్ తమ్ముడూ, వాడు నీ కొడుకురా," అని పెద్దత్తయ్య ఎన్నిసార్లు కదిపిందో. ఆయన కిటికీలోంచి కొట్టం వైపు చూసేవారు.

చలి తగ్గాక కెప్టెన్‌గారు మళ్ళీ వచ్చారు. నాలుగో బల్లెం ఖాళీగా ఉందన్నారు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "నేనెక్కను సార్. ఆ చోటు నాది కాదు," అన్నాడు. కెప్టెన్‌గారు మామయ్య వైపు చూశారు. మామయ్య గోడ వైపు చూశారు.

మర్నాడు పొద్దున నేను నానిన మేకులు నీళ్ళలోంచి తీసి సంచిలో వేస్తున్నాను. మా ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని జోడు తొడుక్కుంటున్నాడు. మామయ్య లోపలి నుంచి వచ్చారు. మూలనున్న తన బల్లేన్ని ఎడమ చేత్తో పట్టుకుని, ఈడ్చుకుంటూ తెచ్చి, కొడుకు పక్కన గోడకు ఆనించారు. అది జారబోతే మోకాలితో ఆపి సరిచేశారు. తర్వాత గోడ కొక్కేనికి ఉన్న చెక్క సుత్తి తీసి చంకలో ఇరికించుకున్నారు. నా దగ్గరికి వచ్చి సంచి కోసం చెయ్యి చాపారు.

"ఒంటి చేత్తో ఏం పాతుతావురా?" అంది పెద్దత్తయ్య.

కొట్టంలో బూడిద గొలుసు లాగింది. మా ఆయన తలెత్తి, "నాన్నా," అన్నాడు.

మామయ్య సంచిని ఎడమ భుజాన వేసుకుని, కొడుకు కాళ్ళు తగలకుండా పక్కగా మెట్లు దిగి, మైదానం వైపు వెళ్ళిపోయారు.