గడప దగ్గరి చోటు

నల్లబల్లకు బొగ్గు, చిక్కుడాకు రుద్దడం అయ్యాక సారంగపాణి పంతులు చేతులు దులుపుకొని సుద్దముక్కతో ఒక భాగహారం రాశాడు. రాసి, గోనెపట్టల మధ్యనుంచి నడుచుకుంటూ గది చివరికి వెళ్లి, గడప పక్కన నేలమీద చతికిలబడ్డాడు. మోకాళ్లు పటపటమన్నాయి. అక్కడినుంచి చూస్తే బల్లమీది మూడు ఎనిమిదిలాగా ఉంది. ఉసూరుమంటూ లేచి, ఆ మూడును చెరిపి, అరచేయంత చేసి మళ్లీ రాశాడు.

ఈ తతంగం రోజూ ఉండేదే. తోటి పంతుళ్లు ఆయనకు కండ్ల డాక్టరని పేరుపెట్టి చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆవేళ ఐదో తరగతికి లెక్కల వార్షిక పరీక్ష కాబట్టి ఇంకాస్త ముందే వచ్చాడు. మనిషి పొడగరి, కొంచెం వంగిపోయాడు. నిజాం కాలంలో కుట్టించుకున్న షేర్వాణీ మోచేతుల దగ్గర నీరుకావి రంగుకు తిరిగింది. కళ్లద్దాల కాడ ఒకటి ఊడిపోతే దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు.

ఎనిమిదేళ్ల కింద ఇదే గదిలో ఆయన తీరు వేరు. పరీక్ష అంటే తూర్పారబట్టడమే అనేవాడు. గట్టిగింజ దగ్గర పడుతుంది, తాలు దూరం ఎగిరిపోతుంది. అందుకని ప్రతి పరీక్ష కాగానే పిల్లల్ని మార్కుల వరుసన కూర్చోబెట్టేవాడు. ఫస్టు వచ్చినవాడు బల్ల ముందర, అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లు గడప దగ్గర, చెప్పుల పక్కన. సిగ్గుపడి చదువుతారని ఆయన నమ్మకం.

నూనె మిల్లులో పనిచేసే మొండయ్య బిడ్డ యాకమ్మ మొదట్లో రెండో వరుసలో ఉండేది. ఒక పరీక్షకు నాలుగో వరుసకు జారింది, ఇంకో పరీక్షకు ఆరుకు. చివరికి గడప దగ్గరికి చేరింది. అక్కడ చేరాక పక్కపిల్ల కమల పలకలోకి మెడ సాచి చూడటం మొదలుపెట్టింది. వార్షిక పరీక్షనాడు పంతులు పట్టుకున్నాడు. రెండు పలకలూ చూశాడు. కమల జవాబు తప్పు, యాకమ్మ జవాబు ఒప్పు. కాపీ కొట్టిన పిల్లకు ఒప్పు ఎట్లా వచ్చిందన్న అనుమానం ఆ క్షణంలోనే రావాల్సింది. కోపం ముందు నడిచింది, బుద్ధి వెనకబడింది. నాలుగు బెత్తం దెబ్బలు వేసి, ఆ పలకను తన అరచేత్తోనే తుడిచి, సున్నా వేశాడు. ఆ పిల్ల పరీక్ష తప్పింది. మళ్లీ బడికి రాలేదు.

ఆయనకు బుద్ధి వచ్చింది దవాఖానలో. నాలుగేళ్ల కింద చూపు మసకబారితే, కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదవమన్నారు. మూడో వరుస దగ్గర ఆయన నాలుక ఆగిపోయింది.  పరువు పోతుందని భయపడి, ఊహించి ఏదో చెప్పాడు, అది తప్పు. ఆ కుర్ర డాక్టరు కసురుకోలేదు. అద్దం మార్చి, ఇప్పుడు కనబడుతుందా అన్నాడు. ఇంకో అద్దం మార్చి, మరి ఇప్పుడు అన్నాడు. అక్షరం కనబడేదాకా అడుగుతూనే ఉన్నాడు. అదీ పరీక్షే. ముప్పై ఏళ్లు పరీక్షలు పెట్టిన పంతులు, తప్పు చెప్పిన పిల్లను మరి ఇప్పుడు అని అడిగిన పాపాన పోలేదు.

బల్లను చూసేటప్పుడు యాకమ్మ కళ్లు చికిలించడం ఆ కుర్చీలోనే ఆయనకు గుర్తొచ్చింది. ఆ పిల్ల పక్కపలకలో చూసింది జవాబు కాదు, లెక్క. బల్లమీది అంకెలు కనబడని పిల్లను పట్టుకొని, ప్రతి పరీక్షకూ బల్లకు ఇంకా దూరంగా జరిపింది తానే.  చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాటినుంచే మార్కుల వరుస ఎత్తేశాడు.

ఆవేళ పరీక్షలో కూడా ప్రతి లెక్కనూ రెండుసార్లు గట్టిగా చదివాడు. తప్పు చేసినవాళ్లను దగ్గరికి పిలిచి, అదే లెక్కను బియ్యం, శేర్లలోకి మార్చి అడిగాడు. హెడ్మాస్టరు వెంకట్రాజం కిటికీ దగ్గర నిలబడి చూసి చూసి లోపలికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పద్ధతి మనిషి.

"పంతులూ, ఇది ఇమ్తిహానా, హరికథనా? తప్పు జేసినోన్ని మల్ల మల్ల అడిగితే ఫెయిలయ్యేటోడు ఎవడుంటడు?"

"ఎవడు ఉండద్దనే అడుగుతాన సార్."

"మంచిదే. రేపు పై క్లాసుల ఎవలడుగుతరు?"

సారంగపాణి తల వంచుకొని పలకలు దిద్దుకున్నాడు.

సాయంత్రం చౌరస్తాలో అద్దాల దుకాణానికి వెళ్లి, తయారైన కళ్లజోడు తీసుకొని రుమాలులో చుట్టుకున్నాడు. యాకమ్మకు చేయించినవి. నాలుగేళ్లు వెతికితే ఈ మాఘంలో మిరప మార్కెట్లో కనబడింది. పెళ్లయింది, మిరపకాయల్లో తాలు ఏరే కూలికి వస్తోంది. ఒక్కొక్క కాయనూ ముక్కుకు ఆనించుకొని చూస్తోంది. కళ్లు ఎర్రబడి ధారగా నీళ్లు కారుతున్నాయి. పంతులు వాళ్ల అత్తను బతిమాలి, పది రోజుల కింద దవాఖానకు తీసుకుపోయి కళ్లు చూపించాడు. నువ్వు కాపీ కొట్టలేదు బిడ్డా అని ఆవేళే చెప్పాలనుకున్నాడు. చుట్టూ జనం ఉన్నారు. అద్దాలిచ్చే రోజు చెబుదాంలే అని వాయిదా వేశాడు.

దారిపొడవునా ఆ ఒక్క మాటనే పెదవుల మధ్య అనుకుంటూ నడిచాడు, ఎక్కం అప్పజెప్పబోయే పిల్లవాడిలాగా.

మార్కెట్టు షెడ్డులో ఆడవాళ్లు కొంగులు ముక్కులకు చుట్టుకొని కాయలు ఏరుతున్నారు. యాకమ్మ కూర్చునే చోట గోనెసంచి ఖాళీగా ఉంది. పక్కన కూర్చునే మొగిలమ్మ ఆయన్ను చూసి లేచి నిలబడింది.

"యాకమ్మ లేదు సారూ. నిన్న పొద్దుటి రైలుకు మొగడు భీమండి పట్నం తోల్కపోయిండు. ఆడ మగ్గాల పని దొరికిందట."

ఎప్పుడు వస్తారని అడిగాడు. అటు పోయినవాళ్లు ఎప్పుడు వస్తారో ఎవరికి తెలుసని ఆమె అన్నది. పంతులు రుమాలు విప్పి అద్దాలు చూపించాడు. మొగిలమ్మ వాటిని చేతిలోకి తీసుకొని సరదాకు పెట్టుకుంది. లోకమంతా అలికినట్టుందని నవ్వి, వెంటనే తీసేసింది. ఒకరి చూపుకు చేసినవి ఇంకొకరికి పనికిరావు మరి.

"అద్దాలు వస్తయని దినాం తొవ్వ చూసింది," అన్నది ఆమె. చెప్పాలా వద్దా అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది. "ఒక మాటన్నది సారూ, మీరు గుస్స గావద్దు. కొట్టుడు ఎప్పుడో మర్సిపోయిన్నట. పలక తుడవకపోతే మంచిగుండేదన్నది. గా పొద్దు జవాబు కరెక్టచ్చిందట."

సారంగపాణి నాలుగేళ్లకు కనుక్కున్నది ఆ పిల్లకు అప్పుడే తెలుసు. తెలిసీ దెబ్బలు తిని, తెలిసీ ఆయన వెంట దవాఖానకు వచ్చింది. ఆయన తన కుడి అరచేతిని చూసుకున్నాడు. దానిమీద ఇంకా పొద్దుటి బొగ్గుమసి ఉంది. షేర్వాణీకి రుద్దుకున్నాడు, పోలేదు.

అటువైపు పోయేవాళ్లెవరైనా ఉంటే పంపమని అద్దాలు మొగిలమ్మకే అప్పజెప్పాడు. ఆమె సరేనని, కాళ్లకింద పడి పగలకుండా వాటికి దారం కట్టి, షెడ్డు గుంజకున్న మేకుకు తగిలించింది. పంతులు ఇంటిదారి పట్టాడు. దుమ్ముకు కళ్లు మండి నీళ్లొస్తున్నాయని ఎదురైనవాళ్లతో చెప్పాడు.

భీమండికి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు గానీ, వాళ్లలో యాకమ్మ ఉండే గల్లీ తెలిసినవాళ్లు ఎవరూ దొరకలేదు. మిరప సీజను అయిపోయి షెడ్డు ఖాళీ అయ్యేనాటికి కూడా అద్దాలు ఆ మేకుకే వేలాడుతున్నాయి, రెండు బిళ్లలమీదా ఎర్రటి దుమ్ముతో, తుడిచేవాళ్లు లేక.