ద్వారబంధానికి కట్టిన తాడు

అమెరికాలోని డకోటా మైదానంలో మొదటి నాగలి దించిన ట్వైట్ వాళ్ళమ్మాయి హుల్డా. తొంభై మూడేళ్ళ బతుకులో ఆవిడ చేసిన ఘనకార్యమేమీ లేదు. పెళ్ళి చేసుకుంది, ఆరుగుర్ని కంది, ఇద్దర్ని పోగొట్టుకుంది, లెక్కలేనన్ని రొట్టెలు కాల్చింది. ఒక్క పని మాత్రం ఏ ఏడూ మానలేదు. మంచు పడకముందే వంటింటి ద్వారబంధం నుంచి పశువుల కొట్టం దాకా తాడు కట్టేది. తుఫాను లేస్తే కన్ను పొడుచుకున్నా కనబడదు. ఆ తాడు పట్టుకునే మనిషి ఇంటికి చేరాలి.

కొట్టం కాలిపోయి ముప్ఫయ్యేళ్ళయింది. గుంజ ఒక్కటే మిగిలింది.

"ఎవరి కోసం నానమ్మా ఈ తాడు? ఆవులేవీ?" అంది మనవరాలు మారిట్.

"నోర్మూసుకుని ముడి బిగించు."

హుల్డాకి ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఆవులకి మేత వేయడానికి వెళ్ళి, తుఫానులో దారి తప్పాడు. చూస్తే గుమ్మం దగ్గర తాడు ఊడి ఉంది. గాలికి ఊడిందన్నారు అందరూ. శవమైనా దొరకలేదు.

మారిట్ ముడి బిగించిన ఆ మధ్యాహ్నమే తుఫాను లేచింది. కిటికీలు తెల్లబడిపోయాయి. ఉన్నట్టుండి బయట తాడు బిగుసుకుని ద్వారబంధం కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. మూడోసారీ కిర్రుమంది. మూడుసార్లు లాగితే ఇంటికొస్తున్నానని ఆనాడు వాళ్ళ నాన్న సైగ.

"గాలే నానమ్మా," అంది మారిట్.

"గాలి లెక్కపెట్టి లాగుతుందటే?"

ముసలావిడ తలుపు తీసి, మంచులో మోకాళ్ళ మీద కూలబడి, ముడిని రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"రా నాన్నా," అని అరిచింది. "ఈసారి బొమ్మకి ఊయల కట్టాలని విప్పన్లే."